టోపీ కింద ఎడమ చెవి

హాజరు పట్టీలో ఆయనకొక పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. రోడ్ల ఆఫీసు మొత్తానికీ ఆయన మట్టం మేస్త్రి. తారు రోడ్డు వేసే ముఠాకు పెద్ద. కొత్తగా పరిచిన తారు మీద రోలరు నాలుగుసార్లు తిరిగాక, ఆయన రోడ్డు పక్కన తడి గోనెసంచి పరుచుకుని, బోర్లా పడుకుని, కుడి చెంప దాని మీద ఆనించి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో రోడ్డు పొడవునా ఒక్క చూపు చూస్తాడు. వంద అడుగుల అవతల బొటనవేలి మందం పల్లమున్నా ఆ కంటిని దాటిపోలేదు. "అదిగో, ఆ రాయికి ఇవతల కడుపు జారింది, రెండు పారలు వెయ్యండి" అంటాడు. వేస్తారు. రోలరు మళ్ళీ వెళ్తుంది. ఆయన వేయించిన రోడ్డు మీద ఎంత వాన పడినా పిచ్చుక స్నానానికి సరిపడా నీళ్ళు కూడా నిలవవని పేరు. మట్టం చూసే యంత్రం ఒకటి గోదాములో ఉంది. దాని పెట్టె తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

ఈ చూపుకు టోపీ పనికిరాదు. అంచు నేలకు కొట్టుకుని తల ఆనదు. నెత్తిన ఏదున్నా తీసి పక్కన పెట్టాల్సిందే. కుడి చెంప నేలకు, ఎడమ చెవి ఆకాశానికి. ఇరవై తొమ్మిదేళ్ళుగా రోజుకు ఇరవై ముప్ఫైసార్లు ఆ ఎడమ చెవిని ఆయన నడినెత్తి సూర్యుడికి అప్పగిస్తూ వచ్చాడు. సూర్యుడు ఆఫీసు మనిషి కాదు కాబట్టి, తనకు అప్పగించిన పని ఏ రోజుకారోజు పూర్తి చేశాడు.

ఆ చెవి పై అంచున పెసరగింజంత పొక్కు ఒకటి లేచింది. గోకితే పెచ్చు ఊడేది, ఊడిన చోట చెమ్మగా ఉండేది, నాలుగు రోజులకు మళ్ళీ పెచ్చు కట్టేది. కొలతలు రాసుకునే పెన్సిలు ఆయన ఆ చెవి మీదే పెట్టుకుంటాడు. భార్య అడిగితే పెన్సిలు గీసుకుందన్నాడు. అబద్ధమాడాలని అన్నది కాదు, మొదట్లో ఆయనా అదే అనుకున్నాడు. పెన్సిలు కుడి చెవికి మార్చి రెండు నెలలు గడిచినా పొక్కు పోకపోయేసరికి అనుకోవడం మానేశాడు గానీ, చెప్పడం మానలేదు.

ఆవిడ కూడా గుచ్చి గుచ్చి అడిగే తీరికున్న మనిషి కాదు. నాలుగు రోడ్ల కూడలిలో పండ్ల బండి ఆవిడది. తెల్లవారకముందే బండి తోసుకుపోతే చీకటి పడ్డాకే తిరిగొస్తుంది. మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకునేది కరెంటు దీపం కిందే. ఆ వెలుగులో ఎవరి చర్మమైనా బాగానే కనిపిస్తుంది.

అలాంటి రోజుల్లో పై ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు దిగింది. ఆరుబయట పనిచేసే సిబ్బందికి ఎండ నుంచి రక్షణ కల్పించాలట. దాన్ని అమలు చేయడానికి భద్రతాధికారి అని ఒక అమ్మాయిని వేశారు. చదువు కొత్త, ఉద్యోగం కొత్త, చేతిలో రాసుకునే అట్ట కొత్త. మనసు మాత్రం నిజంగా మంచిది. మొదటిరోజే ముఠాలోని నలభై ఇద్దరి పేర్లూ నేర్చుకుంది. మేస్త్రిని ఆయన అసలు పేరుతో మూడుసార్లు పిలిచి, పలక్కపోయేసరికి వినికిడి పరీక్ష చేయించాలని రాసుకుంది.

ప్రారంభ సభ ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో పెట్టారు. పెద్ద ఇంజనీరుకు తీరిక దొరికింది మధ్యాహ్నం పన్నెండున్నరకు కాబట్టి సభ కూడా పన్నెండున్నరకే. కార్మికుల కోసం తెప్పించిన నీడ గుడారాల్లో ఆ రోజుకు ఒకటే అందింది. దాన్ని వేదిక మీద వేశారు. ఐదుగురు అధికారులు దాని కింద కూర్చుని, ఎదురుగా ఎండలో నిలబడ్డ నలభై ఇద్దరికి ఎండ ఎంత ప్రమాదమో గంటసేపు బోధించారు. నడుమ పార పట్టే ఆడమనిషి ఒకామె కళ్ళు తిరిగి కూలబడింది. సరిగ్గా ఇదే తాను చెప్పేదని పెద్ద ఇంజనీరు అన్నాడు. సమయానికి ఉదాహరణ దొరికినందుకు ఆయన మొహం కాస్త వెలిగింది కూడా.

తర్వాత ఏర్పాట్లు మొదలయ్యాయి. పనివేళలు మార్చారు. తొమ్మిదికి బదులు ఆరింటికే మొదలుపెట్టి, పన్నెండుకల్లా ముగించాలన్నారు. మాట బంగారం లాంటిదే. కానీ తారు కలిపే మిల్లు ఇంకో విభాగం కింద ఉంది, ఆ విభాగానికి ఉత్తర్వు వెళ్ళలేదు, వాళ్ళు తొమ్మిదికి గానీ పొయ్యి ముట్టించరు. అందుకని ముఠా ఆరింటికి వచ్చి, చల్లటి పొద్దంతా చెట్టు కింద కూర్చుని, ఎండ ముదిరే వేళకు పార అందుకునేది. పన్నెండుకు ఆపుదామంటే లారీలో తారు గడ్డకట్టుకుపోతుంది. ఒంటికి రాసుకునే క్రీము వచ్చింది. అది గోదాములో ఇనుప బీరువాలో ఉంటుంది, సంతకం పెట్టి తీసుకోవాలి. గోదాము తెరిచేది పదింటికి. అప్పటికి ముఠా ఐదు కిలోమీటర్ల అవతల ఉంటుంది. పొడుగు చేతుల చొక్కాలు వచ్చాయి, అన్నీ ఒకే కొలత. పార పట్టే ఆడవాళ్ళు వాటిని ఒంటికి తొడుక్కుని, మిగిలిన సగంలోకి ఇంకొకరు రావచ్చని కేకలేసి నవ్వుకున్నారు.

సవ్యంగా అందరికీ అందింది టోపీ ఒక్కటే. వెడల్పు అంచు, వెనక మెడ మీదికీ రెండు చెవుల మీదికీ జారే గుడ్డ, గడ్డం కింద బొత్తాం. రోజూ ఎనిమిదింటికి ఒక గుమాస్తా జీపులో వచ్చి, దిగకుండానే టోపీలు లెక్కపెట్టుకుని పోయేవాడు. మేస్త్రి తన టోపీని తోకతో సహా ఎత్తి చూపించి, "ఏంటమ్మా ఇది, రోడ్డెయ్యమంటారా, ఎగిరిపొమ్మంటారా?" అని అడిగాడు. ముఠా అంతా నవ్వింది. భద్రతాధికారి కూడా నవ్వి, అట్ట మీద ఆయన పేరు పక్కన చిన్న గుర్తు పెట్టుకుంది.

ఆ వారమే ఆమె అందర్నీ చెట్టు కింద కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. నాలుగు వారాలైనా మానని పుండు, పెచ్చు ఊడి మళ్ళీ మళ్ళీ కట్టే పొక్కు, పెదవి మీద గానీ ముక్కు మీద గానీ చెవి మీద గానీ ఉంటే డాక్టరుకు చూపించాలి. అన్నీ అదే కానక్కర్లేదు గానీ, కొన్ని ఎండ వల్ల వచ్చే చర్మం కాన్సర్లు. తొందరగా పట్టుకుంటే కోసి తీసేస్తారు, అంతటితో పోతుంది. దాచిపెట్టుకుంటే మెడలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మేస్త్రి చెయ్యి దానంతటది ఎడమ చెవి మీదికి పోయింది. పెన్సిలు సర్దుకుంటున్నట్టు వేళ్ళాడించాడు. పెన్సిలేమో కుడి చెవి మీద ఉంది.

ఆమె చివర్లో తొమ్మిదో నిబంధన చదివింది. చర్మానికి జబ్బు ఉన్నట్టు తేలిన కార్మికుణ్ణి ఆ రోజు నుంచే ఎండ పని మాన్పించి, గోదాములో నీడ పనికి మార్చాలి. మిగతా నిబంధనలన్నీ పై ఆఫీసు నుంచి వచ్చినవే. ఇదొక్కటి ఆమె తన చేత్తో రాసి, పోట్లాడి చేర్పించింది. ఎండలో మాడే మనుషుల మీద జాలితో రాసింది.

మేస్త్రికి గోదామంటే ఏమిటో తెలుసు. మోకాళ్ళు పాడైన పాత రోలరు డ్రైవరు ఆరేళ్ళుగా అక్కడ చీపుళ్ళు లెక్కపెడుతున్నాడు. ఒకప్పుడు రోలరు మీద కూర్చుంటే ఊరేగింపు వెళ్తున్నట్టుండేవాడు. ఇప్పుడు ఎవరైనా పలకరిస్తే, లెక్క తప్పుతుందని చెయ్యెత్తి ఆపి, మూడువందల పన్నెండు, మూడువందల పదమూడు అంటూ ఉంటాడు. మేస్త్రికి చావంటే భయం లేదని కాదు, బాగానే ఉంది. కానీ చావు ఎప్పుడో వస్తుంది, గోదాము రేపే వస్తుంది. రోడ్డు మట్టం చూడ్డం తప్ప ఆయనకు ఈ లోకంలో ఇంకో గొప్ప లేదు. ఆ ఒక్కటీ తీసేస్తే హాజరు పట్టీలో పేరు మాత్రం మిగులుతుంది. సాయంత్రమంతా ఆలోచించి, మర్నాడు పొద్దున్నే టోపీ పెట్టుకుని పనికొచ్చాడు. చెవుల గుడ్డ రెండు వైపులా కిందికి లాగి, గడ్డం కింద బొత్తాం కూడా పెట్టుకున్నాడు.

భద్రతాధికారి కళ్ళు చెమర్చాయి. నిన్నగాక మొన్న ఎగిరిపొమ్మంటారా అని వెక్కిరించిన మనిషి! ఆ రోజు నుంచి ఆయన తల మీద టోపీ లేని క్షణాన్ని ఎవరూ చూడలేదు. మిగతావాళ్ళు ఉక్కగా ఉందని తీసి విసురుకుంటుంటే ఆయన బొత్తాం కూడా విప్పేవాడు కాదు. నెల తిరక్కుండా ఆయన్ని ముఠాకు ఎండ రక్షణ ప్రతినిధిని చేశారు. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆమె రాసిచ్చింది ఆయన బట్టీ పట్టాడు. మానని పుండును దాచకండి, అది మీ మీద మీరు చేసుకునే ద్రోహం అనే మాట దగ్గర ఆయన గొంతు రోజూ కాస్త వణికేది. విన్నవాళ్ళకు కూడా గుండె కదిలేది. ఆ మాట కింద ఆయన ఫొటో వేసి ప్రతి గోదాము తలుపుకూ అంటించారు.

చిక్కల్లా మట్టం చూసేటప్పుడు వచ్చేది. టోపీ తీయాలి, తీస్తే చెవి బయటపడుతుంది. అందుకని రోలరు ఆగగానే, అందరూ పోయి నీడలో కూర్చోండి, నేనొక్కణ్ణీ చూసొస్తానని ముఠాను తరిమేసేవాడు. వాళ్ళు కనుమరుగయ్యాక టోపీ తీసి, పుండున్న చెవిని మళ్ళీ సూర్యుడి చేతిలో పెట్టేవాడు. మనుషుల్ని నీడకు పంపి తాను ఎండలో ఉండే నాయకుడని భద్రతాధికారి తన నివేదికలో ప్రత్యేకంగా రాసింది. క్రీము పుస్తకంలో కూడా అందరికంటే ఎక్కువ సంతకాలు ఆయనవే. సెలవు రోజున గోదాముకు వెళ్ళి మరీ తెచ్చుకునేవాడు. తెచ్చి పుండు మీద రాసేవాడు. అది భగ్గున మండేది. మండుతోందంటే పని చేస్తోందని సంతోషించేవాడు.

ఇంట్లో కూడా టోపీయే. అన్నం దగ్గర, నిద్ర దగ్గర కూడా టోపీయే. ఆఫీసు నెత్తికెక్కింది అంటే మాటవరసకనుకున్నాను గానీ నిజంగానే ఎక్కి కూర్చుందని భార్య ఎగతాళి చేసింది. ఒకనాడు దిండు మీద రక్తం మరక చూసి ఊరుకోకుండా అడిగింది. వేడి చేసి ముక్కు కారిందన్నాడు. ఆవిడ మజ్జిగ కలిపి ఇచ్చింది. ఆయన టోపీలోంచి చూస్తూ తాగాడు. అప్పటికి పెసరగింజ శనగగింజ దాటింది, ఎనిమిది నెలలు నిండాయి.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి ఇంకో కబురు వచ్చింది. ఎండ రక్షణలో మిగతావాళ్ళకు దారి చూపిన కార్మికుడికి బహుమతి ఇస్తారట, ఆ కార్మికుడు మట్టం మేస్త్రి అట. పెద్ద ఆఫీసరు స్వయంగా వస్తాడు, చర్మ వ్యాధుల డాక్టరమ్మ ముఖ్య అతిథి. బహుమతి ఏమిటని మేస్త్రి టోపీ అంచు పట్టుకుని అడిగాడు.

"మంచి టోపీ మేస్త్రీ. ముందు వైపు పసుపు దారంతో 'ఎండ వీరుడు' అని కుట్టించాం. పెద్దాయన తన చేత్తో మీ తల మీద పెడతారు" అంది భద్రతాధికారి.

చేతికిస్తే తానే పెట్టుకుంటానని అన్నాడు. ఫొటో ఉందని ఆమె అంది. పాత టోపీ మీద కొత్త టోపీ పెట్టకూడదా అన్నాడు. ఆమె నవ్వి, ఎంత అభిమానమో చూడు అనుకుంది. పోనీ ఒంట్లో బాగాలేదని సెలవు పెడదామంటే డాక్టరు పరీక్ష చేయించుకోవాలి, పరీక్షంటే టోపీ తీయాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ వారం ఆయన వేయించిన రోడ్డులో రెండు చోట్ల పల్లం మిగిలిపోయింది. ముఠాలో ఎవరూ పైకి అనలేదు గానీ అందరూ చూశారు.

బహుమతి సభ లోపలి హాల్లో పెట్టారు. పంకాలు తిరుగుతున్నాయి. ఎండ రక్షణ మొదలయ్యాక కార్మికులను కప్పు కింద కూర్చోబెట్టి పెట్టిన సభ ఇదొక్కటే. కుటుంబాలను కూడా పిలిచారు. మేస్త్రి భార్య బండిని పక్క కొట్టు వాళ్ళకు అప్పగించి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని మూడో వరసలో కూర్చుంది. మొగుడి మీద ఎన్ని జోకులేసినా ఆవిడకు లోపల గర్వంగానే ఉంది.

పేరు పిలిచారు, అసలు పేరు. పక్కనున్నవాళ్ళు తోస్తే మేస్త్రి లేచి వేదిక ఎక్కాడు. పెద్ద ఆఫీసరు తెల్ల చొక్కాలో చిరునవ్వుతో వచ్చి, పాత టోపీ మీద చెయ్యి వేశాడు. మేస్త్రి రెండు చేతులతో టోపీని పట్టుకున్నాడు. హాలంతా నవ్వింది.

"చూశారా, వదల్లేకపోతున్నాడు. అలవాటంటే ఇదీ" అని పెద్ద ఆఫీసరు మైకులో అని, ఫొటో వాళ్ళ వైపు తిరిగి, బొత్తాం విప్పి టోపీని ఒక్క లాగు లాగాడు.

లోపలి గుడ్డ పుండుకు అతుక్కుపోయి ఉంది. గుడ్డతో పాటు పెచ్చు కూడా ఊడొచ్చింది. రక్తం చెంప మీదుగా కారింది, రెండు చుక్కలు తెల్ల చొక్కా మీద పడ్డాయి. పెద్ద ఆఫీసరు చేతిలో టోపీ అలాగే ఉండిపోయింది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి, ఆయన తల వెలుతురు వైపు తిప్పి చూసింది. తర్వాత మెడ పక్కన వేళ్ళతో నొక్కి చూసింది.

"ఎన్నాళ్ళయింది?"

"నిన్ననేనమ్మా. పెన్సిలు గీసుకుంది."

మూడో వరసలో భార్య లేచి నిలబడింది. కేక వేయలేదు. మామూలుగానే అడిగింది గానీ ఆ నిశ్శబ్దంలో చివరి వరసదాకా వినపడింది.

"ఎనిమిది నెలలుగా గీసుకుంటోందా అయ్యా ఆ పెన్సిలు?"

మర్నాడే ఆస్పత్రిలో చేర్చారు. చెవి పై భాగం, చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసి తీసేశారు. పరీక్షలో అది కాన్సరేనని తేలింది. అంచులు శుభ్రంగా వచ్చాయనీ, మెడలోకి పాకలేదనీ, ఇంకొన్నాళ్ళు టోపీ కింద దాచుంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాననీ డాక్టరమ్మ చెప్పింది. కొన్ని నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలి. ఒక్క ఎడమ చెవికే ఎందుకొచ్చిందో ఆవిడకు అంతుపట్టలేదు. మేస్త్రి మంచం మీదే బోర్లా పడుకుని, దిండుకు కుడి చెంప ఆనించి, ఎడమ కన్ను మూసి మట్టం ఎలా చూస్తాడో చేసి చూపించాడు. చూపించేటప్పుడు ఆ కట్టుతో కూడా ఆయన మొహంలో పాత దర్జా వచ్చింది.

సాయంత్రం భద్రతాధికారి వచ్చింది. చేతిలో అట్ట లేదు. బహుమతి టోపీ ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"రోజూ మీ టోపీ లెక్కపెట్టించాను మేస్త్రీ. ఒక్కసారి తీయమని అడగలేదు. ఎందుకు దాచారు?"

"తొమ్మిదోది ఉంది కదమ్మా."

"అది మీ మంచికే రాశాను."

"తెలుసు. అందుకే నీకు చెప్పలేకపోయాను" అన్నాడు. ఆమె ఏడ్చింది. ఆయన లేచి తన మంచినీళ్ళ గ్లాసు ఆమెకిచ్చాడు.

భద్రతాధికారి తొమ్మిదో నిబంధన కొట్టేసి, నయమయ్యాక ఎవరి పని వాళ్ళకే తిరిగి ఇవ్వాలని మార్చి రాసింది. ఆ కాగితం అంటించిన వారంలో పార పట్టే ఆమె ముంజేతి మీది పుండు, కొత్త రోలరు డ్రైవరు పెదవి మీది పొక్కు బయటికొచ్చాయి. నెలల తరబడి ఉపన్యాసాలు విని చప్పట్లు కొట్టినవాళ్ళే ఇద్దరూ. తారు మిల్లు కూడా పొద్దున ఐదింటికే పొయ్యి ముట్టించడం మొదలుపెట్టింది. పెద్ద ఆఫీసరు తెల్ల చొక్కా మీద ఆ రెండు చుక్కలు పడకపోతే మిల్లుకు వెళ్ళాల్సిన ఉత్తర్వు ఇంకో రెండేళ్ళు బల్ల మీద నిద్రపోయేది. పై ఆఫీసు నివేదికలో మాత్రం, టోపీల పంపిణీ వల్ల ఒక జబ్బును సకాలంలో కనిపెట్టగలిగామని రాసుకున్నారు.

గాయం ఆరేదాకా మేస్త్రికి నెల సెలవు. ఇంట్లో కూర్చోవడం చేతకాని మనిషి. రెండు రోజులు గోడల మట్టం చూశాడు. మూడోరోజు మధ్యాహ్నం, చెవికి కట్టు, దాని మీద పాత టోపీ, చేతిలో బహుమతి టోపీతో కూడలికి బయల్దేరాడు. ఇన్నేళ్ళ కాపురంలో పట్టపగలు భార్య బండి దగ్గరికి వెళ్ళడం అదే మొదటిసారి.

బండికి పెద్ద గొడుగుంది. దాని నీడ అంగుళం కూడా వృథా కాకుండా పండ్ల మీద పడుతోంది. పండ్లన్నీ చల్లగా నిగనిగలాడుతున్నాయి. భార్య ఆ నీడకు బెత్తెడు ఇవతల, నిప్పులాంటి ఎండలో నిలబడి తూకం వేస్తోంది. కూడలి రోడ్డు ఆయన వేసిందే. మంచి నల్లటి రోడ్డు, ఎక్కడా పల్లం లేదు. పీల్చుకున్న వేడినంతా ఆవిడ మొహం మీదికి వదులుతోంది.

"గొడుగు కాస్త నీ వైపు లాక్కోవచ్చు కదా" అన్నాడు.

"లాక్కుంటే ఆ వరస పండ్లు వాడిపోతాయి. వాడిన పండు ఎవరు కొంటారు?"

"నువ్వు వాడిపోతేనో?"

"నన్నిప్పుడు ఎవరు కొంటున్నారని" అంది, ఎదుటివాళ్ళకు సంచి అందిస్తూ.

ఆయనకు సిగ్గేసింది. నలభై ఇద్దరికి టోపీలొచ్చాయి, చొక్కాలొచ్చాయి, క్రీమొచ్చింది. ఈవిడ ఏ హాజరు పట్టీలోనూ లేదు, ఏ గుమాస్తా జీపులో వచ్చి ఈవిడ తల లెక్కపెట్టడు. ఆఫీసును అనడం ఎందుకు, రోజూ పొద్దున ఐదు నిమిషాలు ఎండ గురించి మాట్లాడిన మనిషి ఈ బండి దగ్గర ఒక్క నిమిషం మాట్లాడలేదు. వంద అడుగుల అవతల పల్లం కనిపించే కంటికి పక్కనున్న మనిషి కనిపించలేదు.

గడ్డం పట్టుకుని ఆవిడ మొహం వెలుతురు వైపు తిప్పాడు, డాక్టరమ్మ తనకు తిప్పినట్టే. నలుగురూ చూస్తున్నారంటూ ఆవిడ విదిలించుకోబోయింది. చూడనిమ్మన్నాడు. ముక్కు చూశాడు, పెదవులు చూశాడు, జుట్టు తప్పించి రెండు చెవులూ వెనకా ముందూ చూశాడు. చెంపల మీద నల్లటి మచ్చలు పరుచుకుని ఉన్నాయి. కింది పెదవి పగిలి ఉంది. పుండు లేదు, పెచ్చు లేదు. అయినా తన కంటిని ఆయన ఇప్పుడు పూర్తిగా నమ్మడం లేదు. వచ్చేసారి ఆస్పత్రికి ఇద్దరం వెళ్దామన్నాడు. బహుమతి టోపీ తీసి ఆవిడ నెత్తిన పెట్టి, చెవుల గుడ్డ కిందికి లాగాడు.

"ఇలా చెవులు మూసేస్తే, నీ చెవి సంగతి నాకెంత బాగా తెలిసిందో నా సంగతీ నీకంత బాగానే తెలుస్తుంది" అంది ఆవిడ.

"రోజూ సాయంత్రం తీసి చూస్తాను. నువ్వు నాది చూడు" అన్నాడు.

అంతలో ఆఫీసు జీపు ఆ దారిన పోయింది. గుమాస్తా అలవాటు ప్రకారం దిగకుండానే లెక్క రాసుకున్నాడు. ఆ నెల నివేదికలో నలభై ఇద్దరికి నలభై మూడు టోపీలు తేలాయి. నూటికి నూటరెండు సాధించినందుకు పై ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది.

పొద్దు వాలే కొద్దీ ఎండ ఏటవాలుగా టోపీ అంచు కిందికి దూరి ఆవిడ కళ్ళలో పడసాగింది. మేస్త్రి ఎడమ కన్ను మూసి, ఎండ ఎటునుంచి వస్తోందో, తన నీడ ఎంతదాకా పోతుందో ఒక్క చూపు చూసి, రెండడుగులు పడమటి వైపు జరిగి నిలబడ్డాడు. నీడ సరిగ్గా ఆవిడ మొహం మీద పడింది.

"పక్కకు జరగవయ్యా, నీ కట్టు చూసి బేరానికి ఎవరూ ఆగడం లేదు" అంది ఆవిడ.

ఆయన జరిగాడు. ఎండ ఎంత జరిగితే అంత.